సూదంటురాయి ఎక్కిన లాంచీ

ఆ ఉదయం అల్లుడు వేసుకున్న పథకం చిన్నది. ముఖం కడుక్కోవాలి. ఇనపకొట్టుకు వెళ్లి క్లాంపులు తేవాలి. లాంచీ ఇంజనుకు నీళ్లు తెచ్చే రబ్బరు గొట్టానికి పాత క్లాంపులు విప్పి, కొత్తవి బిగించాలి. ఉతికిన చొక్కా వేసుకుని రేవులో నిలబడాలి. ఆఫీసరు వస్తాడు, లాంచీని పైనా కిందా చూస్తాడు, అవతలి రేవు దాకా నడిపించి చూస్తాడు, సరేనంటాడు. అంతే. ఆ పథకంలో అత్తగారు ఎక్కడా లేదు. అందులో ఉన్న లోపం అదొక్కటే.

ఆ ఇంటికి తిండి పెట్టేది లాంచీయే. ఉప్పునీటి పాయకు ఇవతలి రేవు నుంచి అవతలి రేవుకు జనాన్ని దాటిస్తుంది. మామగారు బతికినంత కాలం ఆయనే సరంగు. ఆయన పోయాక చక్రం అల్లుడి చేతికి వచ్చింది గానీ సరంగు అనే పేరు రాలేదు. తనిఖీ అయ్యేదాకా నడుపుకో, తరవాత చూద్దాం అన్నారు. ఆ తనిఖీ ఇవాళ. ఆఫీసరు ఒప్పుకుంటే లాంచీకి లైసెన్సు, అల్లుడికి పేరు. ఒప్పుకోకపోతే రేవు వేరే లాంచీకి పోతుంది. నోరు తెరుచుకుని కూర్చున్న లాంచీలు ఉన్నాయి.

ఇంజను చూసుకునేది కూతురు. తెల్లారగానే కిందికి దిగి, చేతికి నూనె మరకలతో పైకి వచ్చింది.

"ఏవండీ, గొట్టం మూతి దగ్గర చెమ్మగా ఉంది. క్లాంపు మర తుప్పు పట్టి చేతిలోకి పొడిలా వచ్చేసింది."

"ఎంతసేపులే. ఇప్పుడే వెళ్లి తెచ్చేస్తా."

"తొందరగా వెళ్లండి. అమ్మకి మాత్రం చెప్పకండి."

అత్తగారికి చెవులు రెండే. కానీ క్లాంపు అనే మాట పుట్టిందంటే ఆవిడ ఒళ్లంతా చెవులే.

"ఏమిటే అమ్మకి చెప్పకూడనిది?" అంటూ వచ్చింది. రావడమే చెప్పులు వేసుకుని వచ్చింది. చంకలో గుడ్డసంచి ఉంది.

ఆ సంచి సంగతి చెప్పాలి. అందులో తువ్వాలు, మంచినీళ్ల సీసా, దువ్వెన, వాటి కింద ఒక సూదంటురాయి ఉంటాయి. పాడైపోయిన పెద్ద లౌడుస్పీకరు లోంచి మామగారు ఊడదీసిన అయస్కాంతం అది. అరచేయంత ఉంటుంది, గుండ్రంగా, నల్లగా. దాన్ని తలుపు గొళ్లానికి అంటిస్తే ఊడదియ్యడానికి ఇద్దరు మనుషులు కావాలి. ఆవిడ కొట్టుకు వెళ్లినప్పుడే అది ఇల్లు కదులుతుంది. లాంచీ ఎక్కడం ఆవిడకు అలవాటు లేదు, దానికీ లేదు.

"అత్తయ్యగారూ, మీకెందుకు శ్రమ? నేను తెస్తాగా."

"శ్రమ నాకేముంది అల్లుడుగారూ. మీరు తెచ్చింది బిగించుకున్నాక లాంచీకి వస్తుంది శ్రమ."

అల్లుడు చెప్పులు వేసుకుని ఆవిడ వెనకే నడిచాడు. ఆవిడ మామూలుగా "అల్లుడూ" అంటుంది, నువ్వు అంటుంది. గారూ అనీ మీరు అనీ అందంటే ఆ రోజు గొడుగు లేకుండా వానలో ఉన్నట్టే.

ఇనపకొట్టు ఆయన అప్పుడే తలుపులు తీసి, బల్ల తుడుచుకుంటున్నాడు. ఆవిడను చూసి తుడవడం ఆపాడు. వెనక్కి తిరిగి, ఉన్న క్లాంపుల్లో బాగా మెరిసేవి తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"స్టెయిన్‌లెస్సమ్మా. చూడండి, పట్టీ మీదే రాసుంది."

"రాతదేముంది నాయనా. మా అల్లుడి బనీను మీద పహిల్వాను అని రాసుంది."

ఆవిడ సంచిలోంచి సూదంటురాయి తీసింది. క్లాంపు పట్టీకి ఆనించింది. పట్టీ అంటుకోలేదు, అసలు స్టెయిన్‌లెస్సు అంటుకోదు. కొట్టాయన ముఖం వికసించింది. ఆవిడ రాయిని కొంచెం జరిపి మరకు ఆనించింది. టక్కున అంటుకుంది.

"పట్టీ పెద్దమనిషే. మరే దొంగ," అంది. "కోట కట్టి తాటాకు తలుపు పెట్టారు. ఉప్పునీళ్లలో నాలుగు రోజులుంటే ఈ మర బెల్లమైపోతుంది. మర పోయాక పట్టీ ఎంత మంచిదైతే ఎవరికి కావాలి? ఇంకోటి చూపించు."

ఇంకోటి చూపించాడు. దాని మర కూడా మంచిదే. ఆవిడ పట్టీ అంచు మీద బొటనవేలు మెల్లగా నడిపింది. ఆ నడపడం చూడాలి. పసిబిడ్డకు జ్వరం ఉందో లేదో చూసేవాళ్లు నుదురు మీద చెయ్యి అలాగే వేస్తారు.

"అంచు కత్తిలా ఉంది. గట్టిగా బిగిస్తే రబ్బరుని కోసేస్తుంది. కాపలా ఉండమంటే పీక కోసే రకం."

ఇంకోటి. దాని పట్టీకి మర పళ్లు దిగడానికి ఈ చివరి నుంచి ఆ చివరి దాకా నిలువు కన్నాలు.

"ఇన్ని కిటికీలెందుకయ్యా? కన్నం ఉన్నచోట రబ్బరు ఉబ్బి బయటికొస్తుంది, పట్టీ అక్కడే తెగుతుంది. కన్నాల్లేకుండా గాడి నొక్కినవి ఉంటాయి. తియ్యి."

"పోనీ ఈ పెద్ద సైజు తీసుకోండమ్మా, ఎంతకైనా బిగుస్తుంది."

"మామగారి చొక్కా అల్లుడికి వేసినట్టుంటుంది. తోక ఒక బారెడు మిగిలి మా అమ్మాయి చెయ్యి గీరుతుంది. గొట్టానికి సరిపడ్డది ఇవ్వు."

అల్లుడు గుమ్మంలోంచి బయటికి చూశాడు. పాయ మీద పొగమంచు లేస్తోంది. వీధి చివరి ఇల్లు అప్పటికే కనపడడం లేదు.

"అత్తయ్యగారూ, ఆఫీసరు వచ్చేసే వేళయింది."

"రానీ. ఆఫీసరుకి కాళ్లున్నాయి, కాసేపు నిలబడతాడు. నీళ్లకి కాళ్లు లేవు గానీ, సందిస్తే లోపలికి నడిచొస్తాయి."

ఇంతలో కొట్టుకు వచ్చిన వాళ్లు ఆవిడ చుట్టూ మూగారు. ఒకాయన తన చేతిలోని గొళ్లెం చూపించి "పిన్నిగారూ, ఇది కూడా ఒకసారి చూద్దురూ" అన్నాడు. ఇంకొకాయన కిందటి వారం కొన్న కుళాయి తెచ్చాడు. అవి చూస్తూ ఆవిడ రాయిని సంచిలో వేసి, సంచిని బల్ల మీద పెట్టింది. పెట్టిన చోట మరల పళ్లెం ఉంది. మళ్లీ సంచి ఎత్తితే పళ్లెంలోని మరలన్నీ సంచి అడుగున గుబురు గడ్డంలా వేలాడుతూ వచ్చాయి. అవి ఒక్కొక్కటీ పీకేసరికి కొట్టాయనకు చెమట పట్టింది. ఆయన నిచ్చెన వేసుకుని పై అరలోకి ఎక్కి, దుమ్ము పట్టిన అట్టపెట్టె ఒకటి దించాడు.

"ఇవి నేను నా సొంత మోటారుకి దాచుకున్నవి. తీసుకెళ్లండి. ఇంక మీకు దణ్ణం."

ఆవిడ ఒకటి తీసింది. రాయి పట్టీకి అంటుకోలేదు, మరకు అంటుకోలేదు. అంచు బయటికి మడిచి ఉంది, నున్నగా. కన్నాలు లేవు, నొక్కిన గాడులే. మర తిప్పితే వెన్నలో కత్తిలా తిరిగింది. ఆవిడ దాన్ని వెలుతురుకేసి పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"మంచిది," అంది చివరికి. "పుట్టింటికి పేరు తెచ్చే రకం."

ఒక్కో మూతికి రెండేసి లెక్కన తీసుకుంది. అల్లుడు ఒక్కోటి చాలదా అన్నాడు. "ఒకటి పని చెయ్యడానికి, రెండోది మొదటిదాన్ని నమ్మకపోవడానికి," అంది ఆవిడ. "మునిగిన పడవలన్నీ గాలివానకే మునిగాయనుకోకు. సగం తుప్పుకి మునిగాయి."

రేవుకు వెళ్లేసరికి ఆఫీసరు వచ్చి ఉన్నాడు. మనిషి లావుగా, నిదానంగా ఉన్నాడు. చేతిలో తోలుసంచి. ఎవరు ఏం చెప్పినా "ఊఁ" అనడం తప్ప మాట లేదు. కూతురు అప్పటికి ఆయనకు చెప్పగలిగిన మర్యాద మాటలన్నీ చెప్పేసి, మళ్లీ మొదటి నుంచి చెబుతోంది.

అత్తగారు ఆయనకొక నమస్కారం పడేసి, నేరుగా ఇంజను దగ్గరికి దిగింది. తల్లీ కూతుళ్లు గొట్టం మూతులకు క్లాంపులు బిగించారు. రెండు మరలూ ఒకే పక్కకు కాకుండా ఒకటి ఇటు, ఒకటి అటు. బిగించేటప్పుడు ఆవిడ ఊపిరి పట్టుకుని, మరను చివరగా ఒక్క వెంట్రుకవాసి తిప్పి ఆపింది. ఇంకా తిప్పితే రబ్బరు నలుగుతుంది. తిప్పకపోతే నీళ్లు కారుతాయి. ఆ ఆపడం ఎక్కడో ఆవిడకు వేళ్లే చెబుతాయి.

"మామూలుగా నేను ముందు ఇంజను చూస్తాను," అన్నాడు ఆఫీసరు. "ఆలస్యమైంది. ముందు అవతలి రేవుకి నడపండి. ఇంజను అక్కడ చూస్తాను. మంచు కూడా మంచిదే. కంపాసు చూసి నడపడం వచ్చో రాదో తెలుస్తుంది."

అల్లుడికి కంపాసు చూడడం వచ్చు. అవతలి రేవు నేరుగా తూర్పు. ఆ నమ్మకంతోనే చక్రం గదిలోకి వెళ్లాడు. వెనకే అత్తగారు వచ్చింది. "నేనూ వస్తాను. నా క్లాంపులు చూసి ఆయనేమంటాడో నా చెవులతో వినాలి."

చక్రం గదిలో దిక్సూచికి పక్కనే గోడకు రెండు మేకులు ఉన్నాయి. ఒకదానికి మామగారు టోపీ తగిలించేవాడు, రెండోదానికి తువ్వాలు. ఇప్పుడు ఒకదానికి అత్తగారు తన గుడ్డసంచి తగిలించింది. రెండోది ఖాళీగా కనపడితే ఆఫీసరు తన తోలుసంచి తగిలించాడు.

సంచిలో ఏముందో ఆవిడకు తెలుసు. అల్లుడికీ తెలుసు. కానీ తెలిసిన సంగతి వేళకు గుర్తుకు రాకపోతే తెలియనిదాని కింద లెక్క.

లాంచీ కదిలింది. నాలుగు పక్కలా తెల్లగోడ కట్టినట్టు మంచు. అల్లుడు దిక్సూచి సూది చూసి, చక్రం తిప్పి, తూర్పు పట్టాడు. లాంచీ ఊగితే సంచులు ఊగాయి. సంచులు ఊగితే సూది ఊగింది. సూది ఊగితే అల్లుడు చక్రం తిప్పాడు. ఆఫీసరు చూస్తున్నాడు మరి.

కాసేపటికి ఆఫీసరుకు తుమ్ము వచ్చింది. "అయ్యో, మీకు మంచు పడలేదు," అని అత్తగారు సంచి తీసుకుని, ఎడమ పక్క బల్ల మీద కూర్చుని, తువ్వాలు కోసం వెతికింది. సూది మెల్లగా ఎడమకు తిరిగింది. అల్లుడు చక్రం తిప్పాడు. తువ్వాలు ఇచ్చి, ఆవిడ సంచిని మళ్లీ మేకుకు తగిలించింది. సూది మళ్లీ కుడికి వచ్చింది. అల్లుడు మళ్లీ తిప్పాడు. ఆ తరవాత ఆయనకు మంచినీళ్లు కావాల్సి వచ్చాయి.

"ఈ దారి రోజూ వెళ్లేదేనా?" అన్నాడు ఆఫీసరు సీసా దించి. "లేక ఇవాళే కొత్తగా వేశారా?"

అప్పుడు వినపడింది రంపపు మిల్లు మోత. ఆ మిల్లు ఇవతలి రేవులో, వాళ్ల ఇంటి వెనక ఉంది. వెనక్కి పోవలసిన మోత ముందు నుంచి వస్తోంది.

ఇంజను గదిలోంచి కూతురు అరిచింది. "ఏవండీ! ఏదైనా మర్చిపోయి ఇంటికెళ్తున్నామా?"

అల్లుడు గొంతు తగ్గించాడు. "అత్తయ్యగారూ, మిల్లు ముందుంది. నేను చెవుల్ని నమ్మి తిప్పెయ్యనా?"

"మంచులో మోత ఎటైనా తిరుగుతుంది అల్లుడుగారూ. సూది తిరగదు. మీ మామగారు ముప్పొద్దులా దాన్నే నమ్మారు."

గారూ అంది. అల్లుడు సూదిని నమ్మాడు.

లాంచీ ఇసకదిబ్బ ఎక్కింది. ఎక్కినప్పుడు దబ్బుమని కాదు, పెద్ద మూలుగు మూలిగి ఆగింది. అత్తగారు ఆఫీసరు మీద పడింది. ఆఫీసరు తలుపు మీద పడ్డాడు. కింద పనిముట్ల పెట్టె జారి దేనికో గట్టిగా కొట్టుకున్న మోత.

"గొట్టం!" అంది అత్తగారు.

ఆఫీసరు టోపీ సర్దుకుని అల్లుడి కేసి చూశాడు. ఆ చూపులో రేవు చేతులు మారిపోవడం కనపడింది. "కంపాసు చూడడం రాదన్నమాట," అన్నాడు. "ముందు కింద నీళ్లొచ్చాయేమో చూస్తాను. తరవాత రాయాల్సింది రాస్తాను." టార్చి కోసం మేకుకు ఉన్న తన తోలుసంచి అందుకున్నాడు.

తోలుసంచితో పాటు గుడ్డసంచి కూడా వచ్చింది.

"అది నాదండీ," అంది అత్తగారు.

"మీది నేను తియ్యలేదమ్మా. అదే వచ్చింది."

ఆవిడ తన సంచి పట్టుకుని లాగింది. ఆయన తనది పట్టుకుని లాగాడు. రెండూ కౌగిలించుకున్నట్టు ఉన్నాయి.

"వదలండి మరి!"

"నేనెప్పుడో వదిలానమ్మా. అవే వదలడం లేదు."

అలా లాక్కుంటూ ఇద్దరూ గుమ్మం దాకా వెళ్లారు. అల్లుడు మాత్రం వాళ్లను చూడడం లేదు, దిక్సూచిని చూస్తున్నాడు. వాళ్లు అటు జరిగితే సూది అటు తిరుగుతోంది. ఇటు జరిగితే ఇటు.

"అత్తయ్యగారూ, కదలకండి," అన్నాడు.

ఆ ఇంటికి అల్లుడిగా వచ్చాక అతను ఆవిడకు పని చెప్పడం అదే మొదలు. ఆవిడ ఆశ్చర్యంతో కదలలేదు.

"ఇప్పుడు కుడికి. ఇంకొంచెం. ఇప్పుడు ఎడమకి." సూది ఆవిడను వదలకుండా చూస్తోంది. "ఇంక బయటికెళ్లండి. ఇద్దరూ. సంచులతో సహా, లాంచీ వెనక కొస దాకా."

వాళ్లు వెళ్తున్న కొద్దీ సూది ఊగి, ఊగి, తీరుబడిగా వేరే వైపుకు తిరిగి నిలబడింది. మిల్లు మోతకు, సూదికి సంధి కుదిరింది.

అత్తగారు వెనక కొసన నిలబడి, సంచి కేసి చూసింది, చక్రం గది కేసి చూసింది. ముఖంలో రంగు మారింది. కానీ ఆవిడ తల వంచే మనిషి కాదు, మాట దాచే మనిషీ కాదు.

"రాసుకోండి ఆఫీసరుగారూ," అంది. "తప్పు చక్రం పట్టిన వాడిది కాదు. చెవులు నిజం చెబుతున్నాయని వాడన్నాడు. నేను నోరు మూయించాను. ఇందులో మా సూదంటురాయి ఉంది. ఉత్తర దిక్కుని చంకలో పెట్టుకు తిరిగింది నేను. మీ సంచిలో ఏదో ఇనుముంది, దానికే అంటుకుపోయింది."

ఆఫీసరు "ఊఁ" అనలేదు. తోలుసంచి మూత తీసి, కాగితాలు పక్కకు జరిపి చూపించాడు.

"ఇనుము కాదమ్మా," అన్నాడు.

అడుగున గుండ్రంగా, నల్లగా ఇంకొకటి ఉంది. ఆవిడదాని కన్నా కొంచెం పెద్దదే.

"ఇది మీకెందుకండీ?"

"క్లాంపులు చూడ్డానికి," అన్నాడు ఆఫీసరు మెల్లగా. "లాంచీవాళ్లు అన్నీ స్టెయిన్‌లెస్సే అంటారు. మర దగ్గర పెట్టి చూస్తేగానీ తెలియదు. రోజూ ముందు ఇంజను దగ్గరికి పోతాను కాబట్టి సంచి కిందే ఉంటుంది. ఇవాళ..."

మాట పూర్తి చెయ్యలేదు. ఆవిడ పూర్తి చెయ్యమననూ లేదు. రాస్తే రెండు సంచులూ రాయాలని ఇద్దరికీ తెలుసు.

రెండు సంచులూ చెరొక పట్టీ పట్టుకుని, పెళ్లి కావిడి మోసినట్టు మోస్తూ ఇద్దరూ ఇంజను గదిలోకి దిగారు. కూతురు గొట్టం పక్కన గొంతుకూర్చుని ఉంది.

"నీళ్లెంతమ్మా?" అన్నాడు ఆఫీసరు.

"పిట్ట తాగడానిక్కూడా లేవండి."

పనిముట్ల పెట్టె జారి వచ్చి సరిగ్గా గొట్టం మూతినే కొట్టింది. ఆ దెబ్బకు ఒక క్లాంపు గొట్టం అంచు దాకా జరిగిపోయింది. రెండోది పెట్టిన చోటే ఉంది. ఇంజనుకు అంత కుదుపు తగిలినా ఆ మూతి దగ్గర చెమ్మ లేదు. ఆఫీసరు మోకాళ్ల మీద కూర్చుని, అంటుకున్న సంచులను అలాగే మరల దగ్గరికి తెచ్చాడు. ఏ మరా కదల్లేదు. వేలితో అంచులు తడిమాడు. బొటనవేలితోనే, మెల్లగా, నుదురు చూసినట్టు. అది చూసి అత్తగారి కళ్లు మెరిశాయి.

"చాలా లాంచీలు చూశానమ్మా," అన్నాడు. "ఏదీ అంటుకోని లాంచీ ఇదే."

"మడిచిన అంచు," అంది ఆవిడ.

"చూశాను. కన్నాలు కూడా లేవు."

"మరలు చెరో పక్క."

"అది మొదటే చూశాను."

వాళ్లిద్దరూ మాట్లాడుకుంటూ ఉండగానే కూతురు జారిన క్లాంపును బిగించింది. అల్లుడు ఇంజనును వెనక్కి నడిపి లాంచీని దిబ్బ మీద నుంచి దించాడు. వెనక కొసన రెండు సంచులూ వియ్యమందుకుని కూర్చున్నాయి. వాటికి అటొకరు, ఇటొకరు కాపలా. అల్లుడు సూది చూశాడు, తూర్పు పట్టాడు. మిల్లు మోత వెనక్కి పోయి, సన్నబడి, ఆగిపోయింది. తెల్లటి మంచులోంచి అవతలి రేవు రాళ్లు ఒక్కసారిగా బయటికి వచ్చాయి. లాంచీ ముక్కు మెట్ల మధ్యకు వెళ్లి ఆగింది. గుడ్డు పెట్టినా పగలనంత మెత్తగా ఆగింది.

ఆఫీసరు కాగితం తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. "సరంగు పేరు చెప్పండి," అన్నాడు.

అల్లుడు అత్తగారి కేసి చూశాడు. ఆవిడ అతని కేసి చూడకుండానే అల్లుడి పేరు, ఇంటిపేరు, అతని తండ్రి పేరు గట్టిగా చెప్పింది. రేవులో నిలబడ్డ వాళ్లందరికీ వినపడింది.

సంతకమయ్యాక ఆవిడ చక్రం గది గుమ్మం దాకా వచ్చి ఆగింది. లోపలికి రాలేదు.

"సరంగుగారూ," అంది.

గారూ అని వినగానే అల్లుడి గుండె అలవాటు కొద్దీ జారింది. ఏం తప్పు చేశానా అని చుట్టూ చూశాడు.

"తప్పేం లేదు," అంది ఆవిడ. "ఈసారి మర్యాదకే అన్నాను. ఇంటికి పోదాం పదండి."

రెండు సంచులనూ విడదియ్యడానికి ఇనపకొట్టు ఆయన్ను పిలవాల్సి వచ్చింది. ఆయన ఆఫీసరు చేతిలో ఇంకో సూదంటురాయి చూసి, ఆ రోజుకి కొట్టు కట్టేశాడు.

ఆవిడ ఇప్పుడు అప్పుడప్పుడు లాంచీ ఎక్కుతుంది, సంచితోనే. వెనక కొసన కూర్చుంటుంది. ఎండ కాసే రోజైనా సరే, సరంగు ముందు వెనక్కి తిరిగి అత్తగారు ఎక్కడుందో చూసుకుని, ఆ తరవాతే ఉత్తర దిక్కు ఎటుందో ఒప్పుకుంటాడు.